రెండవ చూపు

మనకు కన్నులు రెండు. కనబడు లోకము ఒక్కటి. ఇందులో వింత యేమున్నదని తోచవచ్చును. కాని కన్నుల నడుమ సుమారు రెండున్నర అంగుళముల ఎడము కలదు. అందుచే రెండును ఒకే దృశ్యమును చూడవు. ముక్కున కెదురుగా వ్రేలు నిలిపి, ఒకసారి ఒక కన్ను, మరొకసారి మరొక కన్ను మూసి చూడుడు. వెనుకనున్న కిటికీ మీద వ్రేలు ఇటు నటు జరిగినట్లుండును. ఈ స్వల్పభేదమునుండియే మనస్సు దూరమును గ్రహించుచున్నది.

దీనిని నిరూపించినవాడు ఇంగ్లండు దేశీయుడగు చార్లెస్ వీట్‌స్టన్. లంబకోణముగా నిలిపిన రెండద్దములకు చెరియొక ప్రక్కను రెండు గీతచిత్రము లుంచి, ఒక్కొక్క ప్రతిబింబమును ఒక్కొక్క కంట చూచినచో, చదునైన గీతలు ఘనాకారము దాల్చునని 1838లో ఆయన రాయల్ సొసైటీకి తెలిపెను. అప్పటికి ఛాయాచిత్రకళ లోకమునకు వెల్లడి కాలేదు; చేతితో గీచిన బొమ్మలే ఆయనకు ఆధారము. 1849లో బ్రూస్టర్ అద్దములకు బదులు కటకము లమర్చిన చిన్న పెట్టెను వివరించెను. 1851 నాటి లండను మహాప్రదర్శనము తరువాత ఆ స్టీరియోస్కోపు గృహవినోదమైనది. మద్రాసు రాజధానికిని ఆ విద్య త్వరలోనే వచ్చెను. ప్రభుత్వ ఛాయాచిత్రకారుడు కెప్టెన్ లిన్నేయస్ ట్రైప్ తీసిన మధుర, తిరుచిరాపల్లి, తంజావూరు జంటచిత్రములు 1858లో వెలువడెను.

యంత్రము లేకున్నను ఇంట ఒక్క అద్దముతో ఈ వింత చూడవచ్చును. కదలని వస్తువు నొకమారు తీసి, కెమెరాను రెండున్నర అంగుళములు కుడికి జరిపి మరల తీయవలెను. మొదటిది ఎడమకంటి చిత్రము. దానిని మాత్రము కుడియెడమలు మార్చి అచ్చు వేయించవలెను. రెండింటిని బల్లమీద ప్రక్కప్రక్కన నుంచి, నడుమ అద్దమును నిలువుగా, దాని ముఖము ఎడమవైపున కుండునట్లు నిలిపి, అంచునకు ముక్కు ఆనించి చూడుడు. కుడికన్ను కుడి చిత్రమును నేరుగా చూచును. ఎడమకన్ను అద్దములోని ప్రతిబింబమును చూచును. అద్దమును కొద్దిగా వంచి రెండును ఒకదానిపై నొకటి పడునట్లు సరిచేసి, క్షణకాలము ఓర్చినచో, కాగితము మరుగై దృశ్యము లోతుగా విచ్చుకొనును.

ఇది పిల్లల వేడుక మాత్రమే కాదు. విమానమునుండి తీసిన జంటచిత్రములను అద్దముల యంత్రము క్రింద నుంచి సర్వేవారు కొండల ఎత్తును, లోయల లోతును కొలిచిరి. గూడూరు ప్రాంతమునకు ఈ కథలో చోటు కలదు. గూడూరులో దక్షిణపు రైలెక్కి సూళ్లూరుపేటలో దిగినచో, పులికాటు సరస్సున కావల శ్రీహరికోట. 2005 మే 5న అచ్చటినుండి పి.ఎస్.ఎల్.వి.-సి6 రాకెట్టు కార్టోశాట్-1 ఉపగ్రహమును మోసికొనిపోయెను. దాని కెమెరాలలో ఒకటి ముందునకు 26 డిగ్రీలు, రెండవది వెనుకకు 5 డిగ్రీలు వాలియుండెను. 618 కిలోమీటర్ల ఎత్తున పోవుచు, ఒకే నేలను నిమిషము లోపల రెండు తావులనుండి తీసెను. మన కన్నుల ఎడము రెండున్నర అంగుళములు. ఆ రెండు చూపుల ఎడము 300 కిలోమీటర్లకు పైమాట!

ఒంటిచిత్రము ఎంత స్పష్టమైనను చెరువు ఎచ్చట నున్నదో చెప్పును గాని, తెగిన చెరువునీరు ఏ వాలున పారునో చెప్పజాలదు. కాలువ త్రవ్వువారికిని, వరదవేళ ఊరివారిని ఎటు తరలింపవలెనని యోచించువారికిని కావలసినది ఆ రెండవ చూపు.