కాఫీ హోటల్ నుంచి కచేరీ హాలు దాకా: బాల పియానో వాద్యకారులు, ఊరి ఆర్కెస్ట్రాలు



ఆర్కెస్ట్రా అనగానే మన ప్రాంతంలో చాలామందికి వినాయక చవితి పందిరి గుర్తుకొస్తుంది. ఒక కీబోర్డు, ఒక డ్రమ్ సెట్, ఇద్దరు గాయకులు, అర్ధరాత్రి దాకా సినిమా పాటలు. ఈ పాఠంలో మనం చెప్పుకోబోయే ఆర్కెస్ట్రా అది కాదు. వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు, ఫ్లూట్లు, ఓబోలు, ట్రంపెట్లు, పెద్ద డోళ్ళు అన్నీ కలిపి నలభై నుంచి ఎనభై మంది దాకా కూర్చుని, ఎదుట నిలబడిన కండక్టర్ చేతిలోని సన్నని కర్రను చూస్తూ, కాగితం మీద రాసి ఉన్న స్వరాలను వాయించే పాశ్చాత్య వాద్య బృందం.

ఇందులో ఒక ప్రత్యేకమైన రకం ఉంది. దాన్ని కమ్యూనిటీ ఆర్కెస్ట్రా అంటారు. మనం ఊరి ఆర్కెస్ట్రా అనుకుందాం. పగలంతా ఆసుపత్రిలోనో, బడిలోనో, ఆఫీసులోనో పనిచేసేవారు వారానికొక సాయంత్రం కలుసుకుని సాధన చేసి, ఏడాదికి కొన్ని కచేరీలు చేస్తారు. జీతాలుండవు. చాలాచోట్ల సభ్యులే తలా కొంత చందా వేసుకుంటారు. ఇంగ్లండు, అమెరికాల్లో ఇలాంటి బృందాలు వందల సంఖ్యలో ఉన్నాయి. వీటిలో చాలా బృందాలు పిల్లలకు పోటీ పెట్టి, నెగ్గిన వారిని పియానో ముందు కూర్చోబెట్టి, తాము వారి వెంట వాయిస్తాయి. అలా పియానోకూ ఆర్కెస్ట్రాకూ కలిపి రాసిన రచనను పియానో కాన్సర్టో అంటారు.

మన కచేరీలో ప్రధాన కళాకారుడు తన మనోధర్మంతో రాగాన్ని విస్తరిస్తే, పక్క వాద్యాల వారు దాన్ని అందుకుని వెంట నడుస్తారు. కాన్సర్టోలో దాదాపు అంతా ముందే రాసి ఉంటుంది. ఆర్కెస్ట్రా ఒకసారి పియానోకు తోడుగా ఉంటుంది, ఒకసారి ఎదురు మాట్లాడుతుంది, ఒకసారి దాన్ని పూర్తిగా కమ్మేస్తుంది. మరి నలభై మంది అనుభవజ్ఞులైన పెద్దలు ఒక పన్నెండేళ్ళ పిల్లకు ఆ ముందు సీటు ఎందుకు ఇస్తారు? పిల్లలను ప్రోత్సహించడానికి అని మీరు వెంటనే జవాబు చెబుతారు. ఆ జవాబు నాకు చాలదు. పియానో కాన్సర్టో చరిత్ర చూస్తే, ఆ ముందు సీటు మొదటి నుంచీ యువతకు దగ్గరగానే ఉందని తెలుస్తుంది.

జర్మనీలోని లైప్జిగ్ నగరానికి వెళదాం. అది విశ్వవిద్యాలయం ఉన్న ఊరు, వర్తకుల ఊరు, ఏటా పెద్ద సంతలు జరిగే ఊరు. 1702 ప్రాంతంలో అక్కడ న్యాయశాస్త్రం చదువుకోవడానికి వచ్చిన టెలిమాన్ అనే యువకుడు తోటి విద్యార్థులను కూడగట్టి ఒక వాద్య బృందం పెట్టాడు. దాని పేరు కొలేజియం మ్యూజికం. మీ వయసు వాళ్ళు కాలేజీలో పెట్టుకునే సంగీత బృందం లాంటిదే అది. 1729లో దాని నాయకత్వం యోహాన్ సెబాస్టియన్ బాఖ్ చేతికి వచ్చింది. పగలు చర్చి సంగీతం, బడి పాఠాలు. శుక్రవారం రాత్రి ఎనిమిది నుంచి పది దాకా జిమ్మర్‌మన్ అనే వ్యాపారి కాఫీ హోటల్లో ఈ విద్యార్థులతో కచేరీ. వేసవిలో బుధవారం సాయంత్రాలు, ఊరి బయట తోటలో. కాఫీ తాగుతూ వినే సంగీతం కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఇవాళ ప్రపంచమంతా వాయించే బాఖ్ హార్ప్సికార్డ్ కాన్సర్టోలు ఈ బృందం కాలానికి చెందినవే. హార్ప్సికార్డ్ అంటే పియానోకు ముందు వాడుకలో ఉన్న మీటల వాద్యం. మీట నొక్కితే తీగను ఒక చిన్న ముల్లు మీటుతుంది.

బాఖ్ రచనల్లో రెండు, మూడు, చివరకు నాలుగు హార్ప్సికార్డులకు రాసిన కాన్సర్టోలు కూడా ఉన్నాయి. ఒక్క వాద్యం చాలని చోట మూడెందుకు? 1802లో బాఖ్ జీవిత చరిత్ర రాసిన ఫోర్కెల్ దీనికి ఒక కారణం ఊహించాడు. తన ఇద్దరు పెద్ద కొడుకులతో కలిసి వాయించడానికి బాఖ్ వాటిని రాసి ఉంటాడని అతడి అభిప్రాయం. 1730 నాటికి ఆ కొడుకులిద్దరూ ఇరవై ఏళ్ళ లోపు వాళ్ళు. వెనక వాయించేవాళ్ళలో విద్యార్థులు, ముందు వాయించేవాళ్ళలో కొడుకులు, శిష్యులు. మీటల వాద్యపు కాన్సర్టో రూపుదిద్దుకున్న పరిసరాలు ఇవి. రాజాస్థానమూ కాదు, టికెట్ల నాటకశాలా కాదు.

1743లో అదే ఊళ్ళో పదహారు మంది పౌరులు, వారిలో వర్తకులూ ఉన్నారు, డబ్బు వేసుకుని పదహారు మంది వాద్యకారులను పోషిస్తూ ఒక కచేరీ సంఘం పెట్టారు. మొదట ఇళ్ళలో, తరువాత ఒక సత్రంలో, 1781 నుంచి బట్టల వర్తకుల భవనంలో ఈ కచేరీలు జరిగాయి. బట్టల భవనాన్ని జర్మన్ భాషలో గెవాండ్‌హౌస్ అంటారు. నేటి ప్రసిద్ధ గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రాకు ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది.

ఈ హాలులోనే 1828 అక్టోబరులో తొమ్మిదేళ్ళ క్లారా వీక్ మొదటిసారి వేదిక ఎక్కింది. అది ఆమె సొంత కచేరీ కాదు. మరొకరి కచేరీలో, ఒకే పియానో మీద ఇద్దరు వాయించే రచనలో ఒక భాగం పంచుకుంది. రెండేళ్ళకు, పదకొండో ఏట, అక్కడే సొంతంగా కచేరీ చేసింది. పదమూడో ఏట ఒక కాన్సర్టో రాయడం మొదలుపెట్టింది. 1835 నవంబరు 9న, పదహారేళ్ళ వయసులో, మెండెల్సన్ కండక్టర్‌గా గెవాండ్‌హౌస్ ఆర్కెస్ట్రాతో దాన్ని తానే వాయించింది. ఆ రచన మధ్య భాగంలో ఒక విశేషం ఉంది. ఆర్కెస్ట్రా మొత్తం నిశ్శబ్దమైపోతుంది. పియానో, దానికి తోడుగా ఒకే ఒక్క చెల్లో. చిన్నప్పటి నుంచి తాను చూస్తూ పెరిగిన బృందంలో నుంచి ఒక మనిషిని పక్కకు పిలిచి మాట్లాడినట్టుంటుంది. ఈ విద్యను ఎవరూ ఒంటరిగా గదిలో కూర్చుని నేర్చుకోలేరని నా నమ్మకం.

క్లారా కథలో చీకటి కోణమూ ఉంది. తండ్రి ఫ్రీడ్రిక్ వీక్ పియానో ఉపాధ్యాయుడు, పియానోల వ్యాపారి. కూతురి డైరీని చాలా ఏళ్ళపాటు ఆమె పేరుతో తానే రాశాడు. ఊరూరా తిప్పి కచేరీలు చేయించాడు. షూమాన్‌ను పెళ్ళాడడానికి ఆమె కోర్టుకు వెళ్ళవలసి వచ్చింది. ఆ తీర్పు 1840లో వచ్చింది.

బాల మేధావిని ఊరూరా తిప్పడం ఒక పద్ధతి. ఊరి బృందంలో చోటివ్వడం మరొక పద్ధతి. రెంటినీ కలిపి చూడకూడదు. మొదటిదానికి పెద్ద ఉదాహరణ మొజార్ట్. 1763 నుంచి 1766 దాకా తండ్రి అతడినీ అక్కనూ యూరప్ అంతా తిప్పాడు. లండన్‌లో డెయిన్స్ బారింగ్టన్ అనే న్యాయవాది 1765లో ఈ పిల్లవాడిని ఒక శాస్త్రీయ వస్తువును పరీక్షించినట్టు పరీక్షించాడు. ముందెన్నడూ చూడని స్వరపత్రం ఇచ్చి వాయించమన్నాడు. వయసు విషయంలో అనుమానం వచ్చి, పుట్టిన ఊరు సాల్జ్‌బర్గ్ నుంచి జనన నమోదు తెప్పించుకున్నాడు. ఆ నివేదిక 1770లో రాయల్ సొసైటీ ముందుకు వచ్చింది. అందులో నాకు బాగా నచ్చిన భాగం సంగీతం గురించి కాదు. పరీక్ష మధ్యలో గదిలోకి ఒక పిల్లి వచ్చింది. పిల్లవాడు వాద్యం వదిలేసి దానితో ఆడుకోవడానికి పరుగెత్తాడు. చాలాసేపటిదాకా తిరిగి రాలేదట. మరోసారి కర్రను గుర్రం చేసుకుని గదంతా తిరిగాడు. పరీక్షకుడు దీన్ని కూడా సాక్ష్యంగా రాసుకున్నాడు, నిజంగా చిన్నపిల్లవాడే అని!

ఇక సైన్సు ఉపాధ్యాయుడిని కాబట్టి ఒక లెక్క చెప్పకుండా ఉండలేను. గాలిలో శబ్దవేగం సెకనుకు సుమారు 340 మీటర్లు. వేదిక ముందు పియానో, 15 మీటర్ల దూరాన వెనక వరుసలో ట్రంపెట్ ఉన్నాయనుకోండి. ట్రంపెట్ ధ్వని పిల్లకు చేరడానికి 15 ÷ 340, అంటే 0.044 సెకను పడుతుంది. అది విన్నాక ఆమె మీట నొక్కితే, పియానో ధ్వని వెనక్కి వెళ్ళడానికి మరో 0.044 సెకను. మొత్తం దాదాపు 0.09 సెకను. నిమిషానికి 120 దెబ్బల లయలో ఒక దెబ్బకు అర సెకను. దానిలో నాలుగో వంతు స్వరానికి 0.125 సెకను. అంటే ఇద్దరూ ఒకరినొకరు విని అందుకోవాలని చూస్తే, దాదాపు ఒక చిన్న స్వరమంత జాప్యం వచ్చిపడుతుంది. లయ జారిపోతుంది. అందుకే అందరూ కండక్టర్ చేతి కర్రను చూస్తారు. కాంతికి ఆ ఆలస్యం లేదు. ఇంట్లో ఎంత బాగా వాయించే పిల్లలైనా మొదటి రిహార్సల్లో తడబడడానికి ఇది ఒక ముఖ్య కారణం. వాళ్ళ చెవి వాళ్ళకు ఇన్నాళ్ళూ నిజమే చెప్పింది, ఇప్పుడు కొంచెం ఆలస్యంగా చెబుతోంది.

శ్రుతి సంగతీ అంతే. మామూలుగా ఆర్కెస్ట్రా అంతా ఓబో ఇచ్చే స్వరానికి శ్రుతి చేసుకుంటుంది. ఆ స్వరానికి సెకనుకు 440 కంపనాలు అని 1939లో లండన్ సమావేశంలో నిర్ణయించారు. పియానో ముందు ఉన్నప్పుడు మాత్రం ఓబో కూడా పియానోకే లొంగాలి. సుమారు 230 తీగలను వేదిక మీద ఎవరు మళ్ళీ బిగిస్తారు? పెద్ద పియానోలో ఆ తీగలన్నీ కలిసి లాగే బలం దాదాపు 20 టన్నుల బరువుకు సమానం. 1825లో బోస్టన్‌లో ఆల్ఫియస్ బాబ్‌కాక్ ఒకే ముక్కగా పోత పోసిన ఇనుప చట్రానికి పేటెంట్ పొందాక గాని ఇంత బిగువుకు దారి పడలేదు. ఇప్పుడు పన్నెండేళ్ళ వేళ్ళు కూడా అరవై మంది మీదుగా వినిపించడానికి వెనక ఉన్నది ఈ ఇనుము.

మన దేశానికి వద్దాం. వయొలిన్ మన కచేరీలోకి వచ్చి మనదైపోయింది. విజయనగరం సంగీత కళాశాలలో ద్వారం వెంకటస్వామి నాయుడు గారు దాన్ని ఏ స్థాయికి తీసుకెళ్ళారో మీ ఇంట్లో పెద్దలను అడగండి. పియానో అలా రాలేకపోయింది. వయొలిన్ తీగ మీద వేలు జారుతుంది, గమకం పలుకుతుంది. పియానో మీటకు ఒకే స్వరం, రెండు మీటల మధ్య ఏమీ లేదు. కాబట్టి మన దేశంలో పియానో పాశ్చాత్య సంగీతంతోనే ఉండిపోయింది, ముఖ్యంగా కలకత్తా, బొంబాయి, గోవా, మద్రాసుల్లో. కలకత్తాలో 1915లో ఫిలిప్ సాండ్రే సంగీత పాఠశాల పెట్టాడు. బొంబాయిలో 1935లో మెహ్లీ మెహతా గారు సింఫనీ ఆర్కెస్ట్రాను స్థాపించారు. సంగీతం మీద ఇష్టంతో వాయించే నగరవాసులు, హోటళ్ళలోనూ సినిమా స్టూడియోల్లోనూ వాయించే గోవా వాద్యకారులు అందులో కలిసి కూర్చునేవారు. వానాకాలంలో చెమ్మకు పియానో లోపలి చెక్క ఉబ్బి, తీగల బిగువు పెరిగి, శ్రుతి పైకి పోయే ఊళ్ళో ఆ పని చేశారని గమనించండి. ఆయన కుమారుడు జుబిన్ తన పదహారో ఏట ఈ బృందం రిహార్సల్‌ను నడిపించాడు. మెహ్లీ గారు దేశం విడిచి వెళ్ళాక బృందం నిలవలేదు. ఆయన 1964లో లాస్ ఏంజెలిస్‌లో యువతకోసమే అమెరికన్ యూత్ సింఫనీని స్థాపించి మూడు దశాబ్దాలకు పైగా నడిపించారు. బొంబాయి కోల్పోయినది అక్కడి పిల్లలకు దక్కింది.

2006లో ముంబైలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా ఏర్పడింది. అది వృత్తి వాద్యకారుల బృందం, మంచి బృందం. కానీ వారానికొక సాయంత్రం కలుసుకునే ఊరి ఆర్కెస్ట్రా అవసరాన్ని అది తీర్చలేదు. మన నగరాల్లో పియానో నేర్చుకునే పిల్లల్లో చాలామంది లండన్ సంస్థల గ్రేడు పరీక్షలు రాస్తారు. ఒక గది, ఒక పియానో, ఒక పరీక్షకుడు. చివరి గ్రేడు దాటినా, పక్కన మరో మనిషి వాయిస్తుండగా తమ వంతు కోసం స్వరాలు లెక్కపెట్టుకుంటూ ఆగడం వాళ్ళలో చాలామందికి అనుభవంలోకి రాదు. కాన్సర్టో నేర్చుకున్నా, ఆర్కెస్ట్రా భాగాన్ని రెండో పియానో మీద ఉపాధ్యాయుడు వాయిస్తాడు. ఇది పిల్లల లోపం కాదు, మన ఊళ్ళ లోపం.

ఆర్కెస్ట్రా లేని ఊరికి మొజార్ట్ ఒక దారి చూపించాడు. అప్పుడతడు పిల్లితో ఆడుకునే పిల్లవాడు కాదు, వియన్నాలో శిష్యులకు పాఠాలు చెప్పి బతుకుతున్న ఇరవై ఆరేళ్ళ యువకుడు. 1783 జనవరిలో మూడు కొత్త పియానో కాన్సర్టోలకు చందాలు కోరుతూ పత్రికలో ప్రకటన ఇచ్చాడు. పూర్తి ఆర్కెస్ట్రాతోనైనా, కేవలం నాలుగు తీగ వాద్యాలతోనైనా వీటిని వాయించవచ్చని అందులో చెప్పాడు. రెండు వయొలిన్లు, ఒక వయోలా, ఒక చెల్లో. ఓబోలు, హారన్‌లు లేకపోయినా రచన కుంటుపడకుండా రాశాడు. ఈ మూడింటిలో ఏ మేజర్ శ్రుతిలో ఉన్నదాన్ని, కొషెల్ పట్టికలో 414వ సంఖ్య గలదాన్ని, దొరికితే రెండు రకాలుగానూ వినండి. ఒకసారి ఆర్కెస్ట్రాతో, ఒకసారి నలుగురితో. రెండోసారి విన్నప్పుడు చెల్లో వాయించే వ్యక్తి పియానో ఎడమ చేతిని ఎక్కడెక్కడ అందుకుంటున్నాడో ఒక కాగితం మీద గుర్తు పెట్టుకోండి.