అండర్-17 ప్రపంచ కప్ ఫుట్‌బాల్: ఆతిథ్యంతో దక్కిన అవకాశం, అర్హత కోసం నిరీక్షణ

పదిహేడేళ్ల లోపు బాలుర జాతీయ జట్ల కోసం అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ‘ఫిఫా’ నిర్వహించే పోటీ అండర్-17 ప్రపంచ కప్. 1985లో చైనాలో ప్రారంభమైనప్పుడు దీని వయోపరిమితి పదహారేళ్లు. 1991లో దానిని పదిహేడేళ్లకు పెంచారు. తొలి విజేత నైజీరియా. ఐదు టైటిళ్లతో ఇప్పటికీ ఆ దేశానిదే అగ్రస్థానం. నాలుగు టైటిళ్లతో బ్రెజిల్ ఆ తరువాత ఉంది.

ఈ పోటీలో వయసు నిర్ధారణ మొదటి నుంచీ జటిలమైన అంశమే. పెద్ద వయసు ఆటగాళ్లు బరిలోకి దిగకుండా, మణికట్టు ఎముకలను ఎంఆర్ఐ ద్వారా పరీక్షించే విధానాన్ని 2009లో నైజీరియాలో జరిగిన పోటీల్లో ప్రవేశపెట్టారు.

భారత్‌లో 2017 పోటీలు

పదిహేడవ అండర్-17 ప్రపంచ కప్‌కు 2017 అక్టోబర్ 6 నుంచి 28 వరకు భారత్ ఆతిథ్యమిచ్చింది. ఫిఫా పోటీ ఒకటి మన దేశంలో జరగడం అదే ప్రథమం. న్యూఢిల్లీ, నవీ ముంబై, కోల్‌కతా, కొచ్చి, గువాహటి, గోవాలోని మడ్‌గావ్ వేదికలుగా 24 జట్లు 52 మ్యాచ్‌లు ఆడాయి. మొత్తం 13 లక్షల 47 వేల మందికి పైగా ప్రేక్షకులు స్టేడియాలకు తరలివచ్చారు. నమోదైన గోల్స్ 183. ఈ రెండూ అప్పటికి రికార్డులే.

గువాహటిలో జరగవలసిన ఇంగ్లండ్, బ్రెజిల్ సెమీఫైనల్‌ను, వర్షాలకు మైదానం దెబ్బతినడంతో కోల్‌కతాకు మార్చారు. రియాన్ బ్రూస్టర్ హ్యాట్రిక్‌తో ఇంగ్లండ్ 3-1తో నెగ్గింది. కోల్‌కతాలోనే జరిగిన ఫైనల్లో 0-2తో వెనుకబడిన ఇంగ్లండ్, అనూహ్యంగా పుంజుకుని 5-2తో స్పెయిన్‌ను ఓడించింది. ఆ మ్యాచ్‌లో రెండు గోల్స్ చేసిన ఫిల్ ఫోడెన్ టోర్నీ ఉత్తమ ఆటగాడిగా నిలిచాడు. ఎనిమిది గోల్స్‌తో బ్రూస్టర్ అగ్రస్థానం పొందాడు.

భారత జట్టు ప్రస్థానం

1950 ప్రపంచ కప్‌లో చోటు లభించినా భారత జట్టు బ్రెజిల్ వెళ్లలేదు. అందువల్ల 2017 అక్టోబర్ 6న అమెరికాతో ఢిల్లీలో ఆడిన మ్యాచే ఏ స్థాయిలోనైనా ఫిఫా ప్రపంచ కప్‌లో భారత్‌కు మొదటిది. అందులో 0-3తో పరాజయం ఎదురైంది. అక్టోబర్ 9న కొలంబియాపై 82వ నిమిషంలో సంజీవ్ స్టాలిన్ కొట్టిన కార్నర్‌ను జీక్సన్ సింగ్ తలతో గోల్‌లోకి పంపి స్కోరు సమం చేశాడు. ప్రపంచ కప్ వేదికపై భారత్‌కు అదే తొలి గోల్. మరుసటి నిమిషంలోనే కొలంబియా మళ్లీ గోల్ చేసి 2-1తో గెలిచింది. ఘనా చేతిలో 0-4 ఓటమితో భారత్ గ్రూప్ దశలోనే నిష్క్రమించింది.

అమర్‌జిత్ సింగ్ నాయకత్వం వహించిన ఆ 21 మంది జట్టులో ఎనిమిది మంది మణిపూర్ వారే. చిన్న రాష్ట్రం నుంచి అంతమంది రావడం అక్కడ ఈ ఆటకున్న వేళ్ల లోతుకు నిదర్శనం. జీక్సన్ సింగ్, సురేశ్ సింగ్, అన్వర్ అలీ తరువాతి కాలంలో సీనియర్ జట్టుకు ఎదిగారు.

అర్హత అనే పరీక్ష

2017లో భారత్ ఆడింది ఆతిథ్య దేశపు హోదాలో. సొంత బలంతో ఆ స్థాయికి చేరడం వేరే పరీక్ష. 2018 ఆసియా అండర్-16 పోటీల క్వార్టర్ ఫైనల్లో దక్షిణ కొరియాపై గెలిచి ఉంటే మరుసటి ఏడాది ప్రపంచ కప్‌లో చోటు దక్కేది. భారత్ 0-1తో ఓడింది. 2023లో ఆసియా కప్ గ్రూప్ దశ దాటలేదు. 2025 ఆసియా కప్‌కైతే అర్హతే పొందలేదు.

బాలికల విభాగంలోనూ అనుభవం ఇటువంటిదే. 2022 అక్టోబర్‌లో భారత్‌లో జరిగిన అండర్-17 మహిళల ప్రపంచ కప్‌లో మన జట్టు మూడు మ్యాచ్‌లలో 16 గోల్స్ సమర్పించుకుంది. ఒక్కటీ చేయలేకపోయింది.

బాలుర ప్రపంచ కప్ 2025 నుంచి 48 జట్లతో ఏటా జరుగుతోంది. 2029 వరకు ఖతర్ ఆతిథ్యమిస్తుంది. ఆసియాకు లోగడ నాలుగు స్థానాలుండగా, ఖతర్ కాక ఇప్పుడు ఎనిమిది దక్కాయి. అంటే ఆసియా కప్‌లో క్వార్టర్ ఫైనల్ చేరితే చాలు. ద్వారం విశాలమైంది. దానిని దాటించవలసినవి స్టేడియాల హంగులు కావు. పాఠశాలల్లో, అకాడమీల్లో ఏటేటా సాగే శిక్షణ, వయోవర్గాల వారీ పోటీలు.