బరి గీసిన తాడు

నిజాం రాజ్యమున మెదకు జిల్లాలోనిదై, 2016 అక్టోబరు 11న తానే జిల్లాయైన సిద్దిపేట సీమలో ఎర్ర చల్కయు, నల్ల రేగడియు కలవు. చల్క వాననీటిని పీల్చుకొనును. రేగడి కాలికంటుకొనును, వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. అట్టి బడి ఆటస్థలమున మొరము పరచి, నీరు చిలికి, రోలరుతో అణచినగాని చెడుగుడు బరి నిలువదు.

పూర్వము ఈ బరి మడమతో గీసిన గీతయే. అది చెరిగినప్పుడు గొంతు పెద్దదైనవానిదే తీర్పు! 1990లో బీజింగు ఆసియా క్రీడలలో పతకపు ఆటయైన చెడుగుడునకు నేడు పురుషుల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు. కొలతతోనే బక్కపిల్లవానికి న్యాయము దక్కినదని మేము తలంతుము.

మూల కుదురుటకు తాడు చాలును. 3, 4, 5 మూరల భుజములతో త్రిభుజము పన్నవలెను. యజ్ఞవేదికలను కొలిచిన శుల్బకారులెరిగిన లెక్కయే ఇది. పిదప రెండు కర్ణములును సుమారు 16.40 మీటర్లు రావలెను. రానిచో మూలలు వంకరపోయినట్లే.

గీతకు సున్నము వలదు. పట్టుబడినవాని మొగము నేలకు తగులును గదా. సున్నము కంటబడినచో చూపునకే ముప్పు. సుద్దపొడి చాలును. ముగ్గులు పెట్టు చేతికప్పగించినచో గీత మరింత తిన్నగా వచ్చును.