వలందపాలెములో మా పూర్వుల యిల్లు

ఉప్పెనకు ముందటి క్రయపత్ర మొకటి మా యింట గలదు. అందు ఇంటి సంఖ్య లేదు. బందరు, వలందపాలెము అనియు, చతుస్సీమలును మాత్రమే కలవు: తూర్పున బాట, పడమట అద్దకమువారి నుయ్యి, ఉత్తరమున రావిచెట్టు, దక్షిణమున పరుల దొడ్డి.

బందరు పేటల పేర్లే యొక చరిత్రము. 1605 లో వచ్చిన డచ్చివారిని మనవారు వలందులనిరి. 1669 లో వచ్చిన ఫ్రెంచివారిని పరాసులనిరి. వలందపాలెము, పరాసుపేట యను నామములు నేటికిని నిలిచియున్నవి. కావున పేట దొరకినది గాని హద్దులు దొరకలేదు. 1864 నవంబరు 1 వ తేదీనాటి ఉప్పెన సుమారు 30,000 మందిని బలిగొని పట్టణమును పాడుచేసినది. రావిచెట్టు లేదు, ఎరిగినవారును లేరు.

తుదకు మన కులమునకు చెందిన యొక వృద్ధమాత, తమ అత్తగారు చెప్పిన గుర్తునుబట్టి, పూడిన నూతి యొరను మాకు చూపిరి. దానికి తూర్పున నిలిచి నమస్కరించితిమి. అచ్చట నిప్పుడు వేరొకరు కాపురమున్నారు; వారు మజ్జిగ యిచ్చి మమ్మాదరించిరి.

మరుసటి యేట మేము పోవునప్పటికే ఆ తల్లి గతించిరి. పత్రము చెప్పలేనిది వారు చెప్పిరి. వారు చెప్పక మిగిలినదానిని ఇక నెవ్వరు చెప్పగలరు? కావున రాబోవు మహాసభనాటికి ప్రతి కుటుంబమువారును తమ పెద్దలెరిగిన యింటిగుర్తులను వ్రాసియుంచవలెనని మా విన్నపము.