హెచ్‌ఓఏ డబ్బు చూసే కంపెనీలకు లైసెన్సు ఎవరిస్తారు?

డాలస్ శివార్లలోని ఫ్రిస్కోలోనో, హ్యూస్టన్ పక్కనున్న కేటీలోనో కొత్త ఇల్లు కొన్న తెలుగు కుటుంబానికి తాళాలతో పాటు మరో బంధం కూడా చేతికొస్తుంది. అదే హోమ్ ఓనర్స్ అసోసియేషన్, వాడుకలో హెచ్‌ఓఏ. ఇష్టమైతే చేరడం, లేకపోతే మానేయడం ఇక్కడ కుదరదు. ఆ ఇల్లు కొన్నారంటే సంఘంలో సభ్యులైనట్టే. ఫీజు కట్టకపోతే ఆ బాకీ ఇంటి మీద పడుతుంది. ముదిరితే ఇల్లు వేలానికి వెళ్లవచ్చు.

అమెరికాలో ఇలాంటి సంఘాలు సుమారు 3.65 లక్షలు ఉన్నాయని, వాటి పరిధిలో ఏడున్నర కోట్ల మంది నివసిస్తున్నారని ఆ రంగానికి చెందిన పరిశోధనా సంస్థ అంచనా. సంఘాన్ని నడిపే బోర్డులో ఉండేది ఇరుగుపొరుగువారే. వారికి జీతం ఉండదు, పగలంతా సొంత ఉద్యోగాలు ఉంటాయి. అందుకే ఫీజుల వసూలు, బిల్లుల చెల్లింపు, పార్కుల నిర్వహణ, గడ్డి పెరిగిందని నోటీసు పంపడం, బాకీదారుల జాబితాను లాయరుకు అందించడం వంటి పనులను మేనేజ్‌మెంట్ కంపెనీకి అప్పగిస్తారు. ఒక్కో కంపెనీ చేతిలో పదులు, వందల సంఘాల బ్యాంకు ఖాతాలు ఉంటాయి.

అమెరికాలో జుట్టు కత్తిరించాలన్నా దాదాపు ప్రతి రాష్ట్రంలోనూ లైసెన్సు ఉండాల్సిందే. కోట్ల డాలర్ల ఉమ్మడి సొమ్మును చూసుకునే ఈ కంపెనీలకు మాత్రం ఎక్కువ రాష్ట్రాల్లో అలాంటి నిబంధన లేదు. ఈ విషయంలో కేంద్ర చట్టం కూడా లేదు. మొత్తం 50 రాష్ట్రాల్లో పట్టుమని పది కూడా లైసెన్సు పెట్టలేదు. పెట్టిన వాటిలోనూ ఒక్కోచోట ఒక్కో పద్ధతి. ఫ్లోరిడా, ఇల్లినాయ్, నెవాడా మేనేజర్‌గా పనిచేసే వ్యక్తిపై దృష్టి పెడితే, వర్జీనియా కంపెనీపై పెడుతుంది. జార్జియాలో రియల్ ఎస్టేట్ కమిషనే ఈ లైసెన్సూ ఇస్తుంది. కాలిఫోర్నియాలో లైసెన్సు లేదు గానీ, 'సర్టిఫైడ్' మేనేజర్ అని చెప్పుకోవాలంటే చట్టం చెప్పిన శిక్షణ ఉండాలి.

డబ్బు దగ్గర కాపలా

వర్జీనియా పద్ధతి అన్నిటికంటే సూటిగా ఉంటుంది. 2008లో ఏర్పాటైన కామన్ ఇంటరెస్ట్ కమ్యూనిటీ బోర్డు మేనేజ్‌మెంట్ కంపెనీలకు లైసెన్సులు ఇస్తుంది. లైసెన్సు కావాలంటే ఉద్యోగుల మోసాల వల్ల కలిగే నష్టాన్ని భరించే బాండు గానీ బీమా గానీ ఉండాలి. దాని మొత్తాన్ని చట్టమే లెక్కగట్టింది: గడిచిన ఆర్థిక సంవత్సరంలో కంపెనీ చేతిలో ఉన్న సంఘాల నిధుల గరిష్ఠ మొత్తం, లేదా 20 లక్షల డాలర్లు, ఈ రెండింటిలో ఏది తక్కువైతే అది. సంఘాల డబ్బును కంపెనీ సొంత డబ్బుతో కలపకూడదు. లైసెన్సు ఉన్న కంపెనీయే మోసం చేస్తే బాధితులకు కొంతైనా తిరిగి ఇచ్చేందుకు ఒక రికవరీ నిధి కూడా ఉంది. మేనేజరు పరీక్షలో ఎన్ని మార్కులు తెచ్చుకున్నాడన్న దానికంటే, డబ్బు పోతే ఎవరు కడతారన్నదే ఇక్కడ అసలు ప్రశ్న. ఇంటి యజమానికి కావాల్సింది కూడా ఆ ప్రశ్నకు జవాబే.

ఫ్లోరిడాలో లైసెన్సు 1987 నుంచి ఉంది. పదికి మించి ఇళ్లున్న సంఘాన్ని, లేదా ఏడాదికి లక్ష డాలర్లు దాటిన బడ్జెట్ ఉన్న సంఘాన్ని డబ్బు తీసుకుని నిర్వహించేవారు నేర చరిత్ర తనిఖీకి ఒప్పుకోవాలి, పరీక్ష రాయాలి. ఆ చట్టంలో పెద్దగా ఎవరూ చెప్పుకోని నిబంధన ఒకటుంది. కాంట్రాక్టు ముగిశాక సంఘం రికార్డులను 20 పనిదినాల్లో తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వకపోతే 21వ రోజు నుంచి రోజుకు 1,000 డాలర్ల చొప్పున పది రోజుల వరకు జరిమానా పడుతుంది, లైసెన్సు కూడా సస్పెండ్ కావచ్చు. కంపెనీని మార్చిన సంఘాలకు దీని విలువ తెలుస్తుంది. పాత కంపెనీ లెడ్జర్లు ఇవ్వకపోతే, ఎవరు ఎంత కట్టారో తేల్చడం కొత్త కంపెనీ వల్ల కాదు. అప్పటికే కట్టేసినవారి పేరు మీదా బాకీ నోటీసులు వస్తాయి.

అక్కడే 2024లో వచ్చిన మరో చట్టం ప్రకారం మేనేజరు ఏడాదికి కనీసం ఒక్క సమావేశానికైనా స్వయంగా రావాలి. ఇలాంటి దానికి కూడా చట్టం అవసరమైందంటే, అంతకుముందు పరిస్థితి ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు.

అయితే మేనేజరు లైసెన్సు పరిధి మేనేజరు వరకే. 2021 జూన్ 24న మయామీ దగ్గరి సర్ఫ్‌సైడ్‌లో షాంప్లేన్ టవర్స్ సౌత్ అనే అపార్ట్‌మెంట్ భవనం కూలి 98 మంది చనిపోయారు. మేనేజర్లకు లైసెన్సు తప్పనిసరి అయిన రాష్ట్రమే అది. మరమ్మతులకు డబ్బు వసూలు చేయాలా వద్దా అన్న నిర్ణయం యజమానులదీ, వారి బోర్డుదీ. అక్కడ ఏళ్ల తరబడి ఆలస్యం జరిగింది. ఆ తర్వాతి ఏడాది రాష్ట్రం పాత భవనాలకు తనిఖీలు, రిజర్వు నిధి తప్పనిసరి చేసింది.

నెవాడా నేర్పిన పాఠం వేరు. లాస్ వేగస్‌లో 2003 నుంచి 2009 వరకు ఒక ముఠా పదికి పైగా సంఘాల బోర్డులను గుప్పిట్లో పెట్టుకుంది. బినామీల పేర్లతో ఫ్లాట్లు కొన్నారు, ఎన్నికల్లో రిగ్గింగ్ చేసి వాళ్లను బోర్డుల్లో కూర్చోబెట్టారు. ఆ బోర్డులు తమకు అనుకూలమైన మేనేజర్లను, లాయర్లను పెట్టుకుని, బిల్డర్లపై నిర్మాణ లోపాల కేసులు వేసి, మరమ్మతుల కాంట్రాక్టులను తమవారికే ఇచ్చాయి. ఫెడరల్ దర్యాప్తులో దాదాపు 40 మంది దోషులుగా తేలారు. సూత్రధారి అయిన కాంట్రాక్టరు లియాన్ బెంజర్‌కు 2015లో 15 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. మేనేజరును పెట్టుకునేదీ తీసేసేదీ బోర్డే. ఆ బోర్డే దొంగల చేతిలో ఉంటే మేనేజరు సర్టిఫికెట్ ఏం కాపాడుతుంది? నెవాడాలో ఇప్పుడు మేనేజర్ల సర్టిఫికెట్‌తో పాటు సంఘాల వ్యవహారాలకు ప్రత్యేక కమిషన్, అంబుడ్స్‌మన్ కార్యాలయం కూడా ఉన్నాయి. అంబుడ్స్‌మన్ ఖర్చు ఒక్కో ఇంటిపై ఏటా కొద్ది డాలర్ల చొప్పున సంఘాల నుంచే వస్తుంది.

కొలరాడోలో వచ్చి పోయిన లైసెన్సు

లైసెన్సు పెట్టి, తీసేసి, మళ్లీ పెట్టబోయి ఆగిపోయిన రాష్ట్రం కొలరాడో. ఈ చర్చలో రెండు పక్షాల వాదనలూ అక్కడే బాగా కనిపిస్తాయి.

అక్కడ 2013లో చట్టం చేసి, 2015 జూలై 1 నుంచి మేనేజర్లకు లైసెన్సు తప్పనిసరి చేశారు. పరీక్ష, నేర చరిత్ర తనిఖీ, ఫిర్యాదులపై విచారణ అన్నీ పెట్టారు. అయితే ఆ రాష్ట్రంలో ఇలాంటి వ్యవస్థలకు గడువు ఉంటుంది. గడువు ముగిసేలోపు శాసనసభ పొడిగించకపోతే అవి వాటంతటవే రద్దయిపోతాయి. 2018లో పొడిగింపు బిల్లు సెనేట్ దాటలేదు. 2019 మధ్యకల్లా లైసెన్సు వ్యవస్థ మూతపడింది.

అదే ఏడాది ఉభయ సభలూ లైసెన్సును తిరిగి తెచ్చే బిల్లును ఆమోదించాయి. గవర్నర్ జారెడ్ పోలిస్ దాన్ని వీటో చేశారు. జెనెటిక్ కౌన్సెలర్లు, క్రీడాకారుల ఏజెంట్లకు సంబంధించిన బిల్లులను కూడా అప్పుడే తిప్పి పంపారు. వృత్తికి లైసెన్సు పెడితే కొత్తవారికి తలుపులు మూసుకుపోతాయని, ఖర్చు పెరుగుతుందని, అంతమాత్రాన వినియోగదారుడికి రక్షణ వస్తుందని చెప్పలేమని ఆయన వాదన. ఈ వాదనను తేలిగ్గా కొట్టిపారేయలేం. లైసెన్సు కోసం గట్టిగా పట్టుబట్టేవారిలో పెద్ద కంపెనీలూ ఉంటాయి. చిన్న పోటీదారులకు అది అడ్డుగోడ అవుతుందని వాటికీ తెలుసు. కానీ లైసెన్సు పోయాక మిగిలింది ఏమిటి? హెచ్‌ఓఏ సమాచార కేంద్రం ఒకటుంది. అది ఫిర్యాదు తీసుకుంటుంది, నమోదు చేస్తుంది, నివేదిక రాస్తుంది. చర్య తీసుకునే అధికారం దానికి లేదు.

ఆ లోటు ఎక్కడ బయటపడిందంటే, డెన్వర్‌లోని గ్రీన్ వ్యాలీ రాంచ్‌లో. జరిమానాలు, ఆలస్య రుసుములు, లాయర్ ఖర్చులు పేరుకుపోయి పదుల కొద్దీ ఇళ్లపై వేలం దావాలు పడ్డాయని వార్తలు వచ్చాయి. రాష్ట్రం 2022లో స్పందించింది, అయితే లైసెన్సుతో కాదు. బాకీ వసూలు చేసే తీరునే కట్టడి చేసింది. ఆరోగ్యానికి, భద్రతకు ముప్పు లేని ఒక ఉల్లంఘనకు జరిమానా 500 డాలర్లు దాటకూడదు. బాకీపై వడ్డీని ఏడాదికి 21 శాతం నుంచి 8 శాతానికి తగ్గించారు. కేవలం జరిమానాలు, వసూలు ఖర్చుల కోసం ఇల్లు వేలం వేయకూడదు. బాకీ నోటీసు ఇంటి దగ్గరే అతికించాలి. యజమాని కోరిన భాషలో కూడా ఇవ్వాలి. ఆ భాష తెలుగు కూడా కావచ్చు.

మేనేజరుకు లైసెన్సు ఉందా అని అడగని చట్టం అది. ఆ పని ఎవరు చేసినా ఈ హద్దు దాటకూడదని చెబుతుంది. ఇంటి యజమాని వైపు నుంచి చూస్తే, నాలుగేళ్ల లైసెన్సు ప్రయోగం కంటే ఇదే ఎక్కువ మేలు చేసింది. కాకపోతే ఖాతాలోని డబ్బు మాయమైతే ఏంటన్న ప్రశ్నకు ఇందులో జవాబు లేదు. ఆ జవాబు వర్జీనియా తరహా బాండులోనే ఉంది.

టెక్సస్‌లో ఏముంది?

తెలుగువారు పెద్దసంఖ్యలో స్థిరపడిన టెక్సస్‌లో మేనేజ్‌మెంట్ కంపెనీలకు లైసెన్సు లేదు. బదులుగా 2021లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి సంఘం మేనేజ్‌మెంట్ సర్టిఫికెట్‌ను టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్‌కు సమర్పించాలి. మేనేజరు పేరు, ఫోను, ఈమెయిలు, ఇల్లు చేతులు మారేటప్పుడు వసూలు చేసే రుసుములు అందులో ఉండాలి. ఇల్లు కొనేముందు ఎవరైనా కమిషన్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. ఇల్లు అమ్మేటప్పుడు కావాల్సిన రీసేల్ సర్టిఫికెట్‌కు 375 డాలర్లకు మించి తీసుకోకూడదు. 50,000 డాలర్లు దాటే కాంట్రాక్టులకు సంఘం బిడ్లు పిలవాలి.

బాకీల విషయంలో టెక్సస్ చట్టం చాలామంది అనుకునే దానికంటే మెరుగే. జరిమానాల కోసం మాత్రమే ఇంటిని వేలం వేయలేరు. ఫీజు బాకీకైనా, యజమాని స్వయంగా ఆ హక్కు వదులుకుంటే తప్ప, కోర్టు ఉత్తర్వు ఉండాలి. 14 కంటే ఎక్కువ ప్లాట్లున్న సంఘం వాయిదాల పద్ధతి ఇవ్వాలి. కట్టిన డబ్బును మామూలుగా ముందు పాత ఫీజుకు, తర్వాత ప్రస్తుత ఫీజుకు, ఆ తర్వాతే లాయర్ ఖర్చులకు, చివరగా జరిమానాలకు జమ చేయాలి. ఇల్లు వేలంలో పోయినా, ఆ సంగతి తెలిపే నోటీసు పంపినప్పటి నుంచి 180 రోజుల్లోగా బాకీ, ఖర్చులు కట్టి విడిపించుకోవచ్చు. కంపెనీ పంపే నోటీసులో ఇవన్నీ పెద్ద అక్షరాలతో ఉండవు. చదవకుండా పక్కన పడేసిన ఉత్తరాలతోనే చాలా కేసులు ముదురుతాయి.

ఇక్కడి గేటెడ్ కమ్యూనిటీల సంగతి

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లోని పెద్ద అపార్ట్‌మెంట్లలోనూ ఇదే పని చేసే సంస్థలున్నాయి. ఇక్కడ వాటిని ఫెసిలిటీ మేనేజ్‌మెంట్ ఏజెన్సీలు అంటారు. 2016 నాటి రెరా చట్టం బిల్డర్లు ప్రాజెక్టులను, ఏజెంట్లు తమను నమోదు చేసుకోవాలంటుంది. సంఘం చేపట్టే వరకు నిర్వహణ బాధ్యత బిల్డర్‌దేనని చెబుతుంది. సంఘం ఏర్పడి మెయింటెనెన్స్, కార్పస్ ఫండ్ చేతికొచ్చాక వాటిని చూసుకునే ఏజెన్సీకి ఏ అర్హత ఉండాలో చెప్పదు. గేటు దగ్గర గార్డులను పెట్టే ఏజెన్సీకి 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు తప్పనిసరి. అదే ప్రాంగణంలో లెక్కలు చూసే ఏజెన్సీకి అలాంటిదేమీ అక్కర్లేదు. అందుకే ఇక్కడ సంఘానికీ ఏజెన్సీకీ మధ్య కుదిరిన ఒప్పందమే ప్రధాన ఆధారం. చెక్కుపై ఎవరి సంతకాలు ఉండాలి, ఖాతా ఎవరి పేరున ఉండాలి, ఒప్పందం ముగిస్తే రికార్డులు ఎన్ని రోజుల్లో ఇవ్వాలి అన్నవి అందులో రాసుకోకపోతే, ఏజెన్సీ వెళ్లిపోయాక వాటి కోసం సివిల్ కోర్టుకు వెళ్లాల్సి వస్తుంది.