ఆన్‌లైన్ వేలంలో నిజాం సిక్కాలు కొంటున్నారా? ఉర్దూ అక్షరాలే మీ డబ్బు కాపాడతాయి

కరీంనగర్, ఆదిలాబాద్ ఒకప్పుడు నిజాం రాజ్యంలోవే. అప్పటి హాలీ సిక్కా భారత రూపాయి పక్కనే 1959 వరకు ఉంది. దాదీ, నానీ సందూక్‌లో దాచిన ఆ సిక్కాలు ఇప్పుడు ఆన్‌లైన్ వేలంలో అమ్ముడవుతున్నాయి. వాటితో పాటు నకిలీలు కూడా వస్తున్నాయి. ఉర్దూ చదవడం వచ్చిన పెద్దలు ఇంట్లో ఉంటే, వేలం పాడే ముందు ఫొటో వాళ్లకు చూపించాలి.

సిక్కా చదవడం ఎలా?

చార్మినార్ రూపాయిలో మధ్య ద్వారం చూడాలి. అక్కడ 'మీమ్' అక్షరం ఉంటే అది మీర్ మహబూబ్ అలీ ఖాన్ కాలం నాటిది. 'ఐన్' ఉంటే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలం నాటిది. ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కింది 1911లో, అంటే హిజ్రీ 1329లో. కాబట్టి 'మీమ్' ఉన్న సిక్కా మీద 1337 లాంటి తేదీ కనిపిస్తే దాని జోలికి పోకపోవడమే మంచిది.

సిక్కా మీది సాలు హిజ్రీది. 1343 అంటే 1924-25 అన్నమాట. రెండో వైపు పాలనా సంవత్సరం, అంటే జులూస్ అంకె ఉంటుంది. 1343 సిక్కాకు అది 14 లేదా 15 ఉండాలి. రెండూ కలవకపోతే అనుమానించాల్సిందే.

తూకమే అసలు పరీక్ష

వెండి చార్మినార్ రూపాయి బరువు సుమారు 11.18 గ్రాములు, వెండి పాళ్లు 81.8 శాతం. అంటే లోపల ఉండే వెండి తొమ్మిది గ్రాములకు కొంచెం ఎక్కువ. ఆ రోజు వెండి ధరతో లెక్క వేస్తే సిక్కా కనీస విలువ తెలిసిపోతుంది. అంతకు మించి ఇచ్చేదంతా అరుదుదనానికి, సిక్కా బాగుందన్నదానికే. కాంటా మీద పెట్టిన ఫొటో, రెండు వైపుల ఫొటోలు అడగాలి. ఇవ్వనంటే వదిలేయాలి. అయస్కాంతానికి అంటుకుంటే అది వెండి కాదు.

కరీంనగర్ ఫిలిగ్రీ విషయంలో

కరీంనగర్ వెండి ఫిలిగ్రీకి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అత్తర్‌దాన్, పాన్‌దాన్ ఇప్పటికీ ఇక్కడ తయారవుతున్నాయి. అందుకే 'నిజాం కాలం నాటిది' అన్న మాట ఒక్కటే సరిపోదు. పాత బిల్లు, ఏ ఇంటి నుంచి వచ్చిందన్న ఆధారం లేకుంటే కొత్త వస్తువు ధరే లెక్క. ఆ ధర ఊళ్లోని కళాకారుల దగ్గర ముందే కనుక్కోవచ్చు. నిర్మల్ బొమ్మలకూ, ఆదిలాబాద్ డోక్రాకూ ఇదే మాట వర్తిస్తుంది.

పాట ధర ఒక్కటే కాదు

వేలంలో 10,000కు పాట ఆగిందనుకుందాం. వేలం సంస్థ కొనుగోలుదారు నుంచి 15 శాతం కమీషన్ తీసుకుంటే 11,500 అవుతుంది. దాని మీద జీఎస్‌టీ, పోస్టు ఖర్చు ఉంటాయి. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం కూడా కట్టాలి. అందుకే అన్నీ కలిపి ఎంత వరకు పోగలరో ముందే కాగితం మీద రాసుకోవాలి. పోటీ పెరిగిందని ఆ అంకె దాటకూడదు. మళ్లీ అలాంటి సిక్కా దొరుకుతుంది, పోయిన డబ్బు దొరకదు.

చట్టం, మోసాలు

1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన సిక్కా, కళావస్తువు పురావస్తువే. విలువైన రాతప్రతులకు 75 ఏళ్లు చాలు. వాటి వ్యాపారానికి లైసెన్సు ఉండాలి. గల్ఫ్‌లో ఉన్న బంధువులకు కానుకగా పంపాలన్నా కుదరదు, దేశం దాటించడం నేరం.

'మీ పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు ఫీజు కట్టండి' అనే ఫోన్లు మోసం. ఇలాంటి లావాదేవీలకు తాము ఏ ఫీజూ, కమీషనూ తీసుకోమని రిజర్వ్ బ్యాంక్ 2021లోనే హెచ్చరించింది. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు. ఇప్పటికే డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.