మెదడు పొరలు, వాటి నడుమ సిరలు

స్కాన్ రిపోర్టులో ‘సబ్‌డ్యూరల్’ అన్న మాట కనబడితే ఇంటిల్లిపాదికీ కంగారు. డ్యూరా అనే పొర కింద అని దాని అర్థం.

పుర్రెకూ మెదడుకూ నడుమ మూడు పొరలున్నాయి. బయటి దళసరి పొర డ్యూరా మేటర్. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దాని పేరు వరాశిక. నడిమిది అరాక్నాయిడ్, అంటే లౌతికళ. లూత అంటే సాలెపురుగు. దీని పోగులు సాలెగూటిని తలపిస్తాయి. లోపలిది పయా మేటర్, మృద్వి. ఇది మెదడు ముడతల్లోకి కూడా దిగి అంటుకుని ఉంటుంది. మన పిల్లలు కన్నడ, తమిళ, ఒడియా, మరాఠీ బడుల్లో చదివినవాళ్లు గనుక ఈ తెలుగు పేర్లు చెప్పి ఉంచడం మంచిది. లౌతికళకూ మృద్వికీ మధ్య మస్తిష్కమేరుద్రవం ఉంటుంది. మెదడు, వెన్నుపాము చుట్టూ కలిపి పెద్దవారిలో ఇది సుమారు 150 మిల్లీలీటర్లు.

వరాశికలో రెండు రేకులుంటాయి. అవి విడిపోయినచోట ఏర్పడిన కాలువల్లోకే మెదడు సిరల రక్తం చేరుతుంది. వీటిని డాక్టర్లు సైనస్ అంటారు. జలుబు చేసినప్పుడు చెప్పే సైనస్ వేరు, అది గాలి గది. ముఖ్యమైన కాలువ నుదుటి వైపు నుంచి నడినెత్తి మీదుగా వెనక్కి సాగుతుంది. అక్కడినుంచి రక్తం కుడి ఎడమ కాలువల్లో చెవుల వెనగ్గా వంపు తిరిగి, మెడలోని జుగులర్ సిరల ద్వారా గుండెకు వెళ్తుంది.

మెదడు పైనుంచి ఈ కాలువకు చేరే సిరలు పొరల మధ్య వంతెనల్లా దాటాలి. వాటి గోడలు పలచన. వయసు మీరితే మెదడు కాస్త కుంచించుకుపోతుంది, పుర్రె మాత్రం అంతే ఉంటుంది. దాంతో వంతెన సిర సాగి బిగుసుకుంటుంది. బాత్రూంలో జారి తల గోడకు తగిలినా తెగవచ్చు. సిరలో ఒత్తిడి తక్కువ గనుక రక్తం మెల్లగా చేరుతుంది. రెండు మూడు వారాలకో, ఇంకా ఆలస్యంగానో తలనొప్పి, మగత, నడకలో తూలడం, ఒక పక్క పట్టు తప్పడం, మతిమరుపు కనిపిస్తాయి. అప్పటికి పడిన సంగతి ఎవరికీ గుర్తుండదు. “పెద్దతనం కదా” అని సరిపెట్టుకుంటాం. నా లెక్కలో నష్టమంతా ఇక్కడే. సీటీ స్కాన్‌లో ఇది తెలుస్తుంది. అవసరమైతే పుర్రెకు చిన్న రంధ్రం చేసి ఆ రక్తాన్ని తీసేస్తారు, చాలామంది కోలుకుంటారు. పెద్దవాళ్లు పడితే ఆ తేదీ క్యాలెండర్ మీద రాసి, డాక్టరుకు చెప్పండి. రక్తం పలచబడే మాత్రలు వాడేవారైతే లక్షణాల కోసం ఆగకుండా ఆ రోజే చూపించాలి.

బైకు ప్రమాదాల్లో పుర్రె చిట్లి ధమని తెగితే, రక్తం వరాశిక పైన చేరుతుంది. అక్కడ వారాల వ్యవధి ఉండదు. కాసేపు బాగానే మాట్లాడిన మనిషి గంటల్లో స్పృహ తప్పవచ్చు.

కాలువలోనే రక్తం గడ్డకట్టడం మరో ప్రమాదం. బాలింతల్లో, ముఖ్యంగా కాన్పైన తొలి వారాల్లో, ఇది రావచ్చు. తగ్గని తలనొప్పి, వాంతులు, ఫిట్స్ ఉంటే గాలి సోకిందని తాయెత్తు కట్టక, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. బాలింతకు నీళ్లు తగ్గించే పాత అలవాటు రక్తాన్ని చిక్కబరుస్తుంది. దాహమేసినప్పుడల్లా తాగనివ్వండి.